సీసం గట్టిదనం మీద గుడ్డి నమ్మకం

మూడేళ్ల కిందట ఒక ఆదివారం సాయంత్రం గ్యారేజీలో కూర్చుని రివాల్వర్ బ్యారెల్‌లోంచి సీసం గీకుతున్నాను. గిన్నెలు తోమే రాగి పీచులో నాలుగు పోగులు లాగి, అరిగిపోయిన బ్రష్షుకు చుట్టి లోపలికీ బయటికీ ఆడిస్తుంటే, కింద పరిచిన పేపరు మీద సన్నటి మెరిసే తునకలు రాలుతున్నాయి. స్వీట్ల మీద అంటించే వెండి రేకు ఉంటుంది చూడండి, అచ్చం అలాగే. ఆ రోజు కాల్చింది యాభై రౌండ్లు. గీకడానికి రెండు గంటలు పట్టింది. వరసగా మూడో ఆదివారం అదే పని.

మూడు వారాలూ నేను చేసిన వైద్యం ఒక్కటే. సీసాన్ని ఇంకొంచెం గట్టిపరచడం. ఇంట్లో బులెట్లు పోసుకునేవాళ్లలో ఎవరిని అడిగినా ముందుగా ఇచ్చే సలహా అదే: "బ్యారెల్‌లో సీసం పేరుకుంటోందా? నీ సీసం మెత్తగా ఉంది. ఆంటిమొనీ పెంచు." ఆంటిమొనీ అంటే సీసానికి గట్టిదనం ఇచ్చే లోహం. నేనూ నమ్మాను. మొదట మామూలు సీసం, తర్వాత కొన్న గట్టి బులెట్లు, చివరికి వాటన్నిటికంటే గట్టిదైన లైనోటైప్, అంటే ప్రెస్సుల్లో అచ్చు వరసలు పోసే లోహం. గట్టిపరిచిన కొద్దీ బ్యారెల్ ఇంకా పాడైంది. రివాల్వర్ల విషయంలో ఆ సలహా చాలాసార్లు తప్పుదారి పట్టిస్తుందని, ముందు చూసుకోవాల్సింది కొలత అని ఇప్పుడు గట్టిగా చెప్పగలను. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందు ఒక మాట. మనం తెలుగులో తూటా అంటే మొత్తం రౌండునే అంటాం. ఇక్కడ బులెట్ అంటే ముందు ఉండే సీసం ముక్క మాత్రమే. ఇత్తడి డొప్ప, దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, లోపల తుపాకీమందు, పైన ఈ సీసం ముక్క, నాలుగూ కలిస్తే తూటా. నేను పోసేది ఆ ముక్కని. డొప్పలు ఏరుకొచ్చి, శుభ్రం చేసి, మళ్లీ మళ్లీ నింపుకుంటాను.

చట్టం సంగతి కూడా ముందే చెప్పేస్తాను, ఎందుకంటే చదివేవాళ్లలో వీసా మీద ఉన్నవాళ్లు తప్పకుండా ఉంటారు. అమెరికాలో సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మితే కావాలి. కానీ హెచ్‌1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్పిస్తే, తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడమే నేరం. గ్రీన్ కార్డు చేతికొచ్చేదాకా నేను రేంజి గుమ్మం తొక్కలేదు. ఇండియాలో అయితే 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడమే నేరం. అక్కడ ఈ పనికి చోటు లేదు.

సీసం నాకు కొత్త కాదు. మా తాతయ్య తెనాలిలో ఒక ప్రెస్సులో కంపోజిటర్. స్టిక్కు చేతిలో పట్టుకుని, కేసులోంచి ఒక్కో అక్షరం, ఒక్కో వత్తు ఏరి పేర్చేవాడు. వేసవి సెలవుల్లో మేం వెళ్తే అరిగిపోయిన అక్షరాలు నాలుగు మా చేతిలో పెట్టేవాడు. చిన్న ముక్కే అయినా అరచేతిలో బరువుగా, చల్లగా ఉండేది. ఆయన ఎప్పుడూ ఒకటే మాట అనేవాడు: "ఎత్తు సరిపోకపోతే అక్షరం ఎంత మంచిదైనా దండగరా." ఇంగ్లండు, అమెరికా పద్ధతి ప్రెస్సుల్లో అచ్చు అక్షరం ఎత్తు 0.918 అంగుళం. ఒక్క అక్షరం రవ్వంత ఎత్తుగా ఉంటే కాగితం మీద గుచ్చుకుంటుంది, పొట్టిగా ఉంటే సగం పడుతుంది. ఆ మాట ముప్పై ఏళ్ల తర్వాత డాలస్ శివార్లలో నా గ్యారేజీలో పనికొస్తుందని ఎలా అనుకుంటాను!

ఇక అసలు పని. శుద్ధమైన సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఒక్క సీసంతో పోస్తే బులెట్ గోటితో గీరినా గీత పడేంత మెత్తగా ఉంటుంది, అచ్చు మూలల్లోకి సరిగ్గా పారదు కూడా. అందుకే తగరం కలుపుతారు. ఇది మన ఇళ్లలో ఇత్తడి గిన్నెలకు కళాయి వేసే తగరమే. వీధిలోకి కళాయి వేసేవాడొచ్చి కొలిమి పెట్టి, నవసారం చల్లి, తగరం ముక్క గిన్నెలో రాసి గుడ్డతో తిప్పితే లోపలంతా అద్దంలా పాకేది. ఆ పాకే గుణమే ఇక్కడా కావాలి. రెండు శాతం తగరం చాలు, అచ్చులో ప్రతి గీతా నిండుతుంది. ఆంటిమొనీ పని వేరు, అది గట్టిదనం ఇస్తుంది. గట్టిదనాన్ని బ్రినెల్ అంకెతో కొలుస్తారు. శుద్ధ సీసం 5, కారు చక్రాలకు బిగించే పాత సీసపు బరువులు 10 చుట్టుపక్కల, లైనోటైప్ 22.

శనివారం పొద్దున్నే, పిల్లలు లేవకముందు, పెరట్లో గాలి ఏ వైపు వీస్తోందో చూసి కుండ పెడతాను. కరెంటు కుండలో ఇరవై పౌన్ల లోహం పడుతుంది. కరిగాక పైన బూడిద రంగు తెట్టు కడుతుంది. గుప్పెడు రంపపు పొట్టు వేసి కలిపితే పొగ లేచి, భగ్గున మండి, తెట్టులో చిక్కుకున్న తగరం మళ్లీ కిందికి దిగుతుంది. మిగిలిన చెత్త గరిటెతో తీసేస్తాను. మొదటి పది, పదిహేను బులెట్లు ముడతలు పడి వస్తాయి, అచ్చు ఇంకా చల్లగా ఉందన్న మాట. వాటిని తిరిగి కుండలో వేయడమే. అచ్చు కాగాక ఒక లయ దొరుకుతుంది. పోయడం, పైన నిలిచిన సీసం గడ్డకట్టేదాకా మూడు నాలుగు సెకన్లు ఆగడం, అచ్చు పైనున్న పలకను చెక్క సుత్తితో తట్టడం, అచ్చు తెరవడం, మెత్తటి తువ్వాలు మీద రాల్చడం. మరీ వేడెక్కితే బులెట్లు మంచు పట్టినట్టు తెల్లబడతాయి, అప్పుడు కాసేపు ఆగాలి. ఒక్క నీటి బొట్టు కుండలో పడిందా, క్షణంలో ఆవిరై కరిగిన సీసాన్ని మొహం మీదికి చిమ్ముతుంది. అందుకే కళ్లద్దాలు, తోలు చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా లేకుండా ఎంత ఎండలోనైనా కూర్చోను. చెమట కూడా నీరే.

నా రివాల్వర్ .45 కోల్ట్. 1873లో వచ్చిన తూటా ఇది. పుట్టింది పాతకాలపు నల్ల తుపాకీమందు రోజుల్లో, బులెట్ మెత్తటి సీసం. 150 ఏళ్లుగా సీసంతోనే బతికిన తూటా నా దగ్గరికొచ్చేసరికి ఎందుకు మొరాయిస్తోందో అర్థం కాక పక్కింటి పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన రిటైరైన మెషినిస్టు. నేను తెచ్చిన గట్టి బులెట్లు, మిశ్రమాల లెక్కలు, బ్రినెల్ అంకెలు అన్నీ ఓపిగ్గా విని ఒకటే అడిగారు: "సిలిండర్ గొంతులు కొలిచావా?"

కొలవలేదు. అసలు కొలవాలని తెలియదు.

రివాల్వర్‌లో బులెట్ రెండు సందుల్లోంచి దూరాలి. తూటాలు పెట్టే సిలిండర్‌లో ఒక్కో గది ముందు భాగంలో సన్నటి గొంతు ఒకటి. అక్కడి నుంచి చిన్న ఖాళీ దాటి బ్యారెల్‌లోకి దూకాలి. బ్యారెల్ లోపల బులెట్‌ను గిరగిరా తిప్పే మెలికల గాడులుంటాయి. గొంతు ఆ గాడుల కొలత కంటే రవ్వంత పెద్దగా ఉంటే సమస్య లేదు. చిన్నగా ఉంటే? ఆ సాయంత్రం ఆయన బల్ల మీద ఆ ప్రశ్నకు జవాబు చూశాను. చేప గాలానికి కట్టే మెత్తటి సీసపు గుండు ఒకటి తీసుకుని, నూనె రాసి, చెక్క పుల్లతో ఒక్కో గొంతులోంచి నెమ్మదిగా తోశారు. బయటికొచ్చిన ముక్కను మైక్రోమీటర్‌లో పెట్టారు. 0.4495 అంగుళం. తర్వాతది 0.450. మరొకటి 0.449. ఆరు గదులూ అంతే. బ్యారెల్‌లోంచి తోసిన ముక్క మాత్రం 0.4515 చూపించింది. (నా బ్యారెల్‌కు ఆరు గాడులు కాబట్టి ఎదురెదురు గాడుల మీద కొలత సులువుగా దొరికింది. అయిదు గాడులుంటే మామూలు మైక్రోమీటర్‌తో కుదరదు.)

అంతే. మూడు ఆదివారాల మిస్టరీ ఆ రెండు అంకెల మధ్యే ఉంది. నేను 0.452 అంగుళానికి సైజు చేసి పెట్టిన బులెట్, గొంతులోంచి దూరేటప్పుడు నలిగి 0.4495 అయింది. తీరా బ్యారెల్‌లో 0.4515 గాడుల్లో పడింది. ఒక్కో పక్క అంగుళంలో వెయ్యో వంతు ఖాళీ. వెంట్రుక మందం కూడా లేదు కదా అనిపిస్తుంది. కానీ వెనకాల తోసేది మండుతున్న వాయువు. ఆ సన్నటి సందులోంచి అది ముందుకు దూసుకుపోతూ బులెట్ అంచుల్ని కరిగించి కోసేస్తుంది. ఆ కోసిన సీసమే బ్యారెల్ మొదట్లో అంగుళం మేర పూత పూసినట్టు అంటుకుంటుంది. నేను గీకిన వెండి రేకులు అవే.

మరి గట్టి సీసంతో ఎందుకు ఇంకా పాడైంది? మెత్తటి బులెట్‌కు ఒక అవకాశం ఉంటుంది. వెనకనుంచి ఒత్తిడి తగలగానే అది కొద్దిగా ఉబ్బి ఆ సందును మూసుకోగలదు. ఎంత ఒత్తిడికి ఉబ్బుతుందో చెప్పడానికి బులెట్లు పోసేవాళ్ల దగ్గర ఒక చేతి లెక్క ఉంది: బ్రినెల్ అంకెను 1,422తో హెచ్చవేస్తే చదరపు అంగుళానికి ఎన్ని పౌన్లో వస్తుంది. .45 కోల్ట్ ఒత్తిడి పరిమితి 14,000 పౌన్లు. బ్రినెల్ 10 అయితే దాదాపు దానికి సరిపోతుంది. లైనోటైప్ 22 అయితే 31,000 దాటాలి. నా రివాల్వర్‌లో రాని ఒత్తిడి అది, రాకూడదు కూడా. అంటే ఉబ్బి సందు మూసుకునే ఆ కాస్త దారినీ గట్టిపరిచి నేనే మూసేశాను.

తుపాకులు బాగుచేసే ఒక గన్‌స్మిత్ దగ్గర ఆరు గొంతుల్నీ రీమర్‌తో (రంధ్రాన్ని వెడల్పు చేసే పనిముట్టు) 0.4525కి సమం చేయించాను. ఆ తర్వాత పాత చక్రాల బరువుల సీసానికి రెండు శాతం తగరం కలిపి పోసిన బులెట్లు, అదే 0.452 సైజు, బులెట్‌కు రాసే తేనెమైనం కలిసిన అదే కందెన. వంద రౌండ్లు కాల్చి, నూనె గుడ్డ రెండుసార్లు తోసి, బ్యారెల్‌ను వెలుతురుకు పెట్టి చూశాను. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అద్దం. ఆ సంతోషం మాటల్లో చెప్పలేను. వెంటనే ఫోటో తీసి పెద్దాయనకు పంపాను.

గట్టి సీసం మీద ఇంత నమ్మకం ఎలా పాతుకుపోయిందో తర్వాత ఆలోచించాను. ఊరికే పుట్టలేదది. 1935లో .357 మాగ్నమ్ అనే వేగమైన తూటా వచ్చినప్పుడు తొలినాటి సీసపు బులెట్లు బ్యారెల్‌లో సీసం పేర్చేవి. అంత వేగానికి మెత్తటి సీసం ఆగదన్న మాట అప్పుడే బలపడింది. రెండో కారణం వ్యాపారం. బులెట్లు పోసి అమ్మేవాళ్లు ఎక్కువగా వాడే మిశ్రమం 92 పాళ్లు సీసం, 6 ఆంటిమొనీ, 2 తగరం. అది యంత్రాల్లో చక్కగా నడుస్తుంది, డబ్బాలో ఒకదానికొకటి కొట్టుకుంటూ దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లినా సొట్టలు పడదు. వాళ్ల అవసరానికి అది సరైనదే, అందులో మోసం ఏమీ లేదు. కానీ డబ్బా మీద 'హార్డ్ కాస్ట్' అని పెద్ద అక్షరాల్లో కనిపించేసరికి, గట్టిదే నాణ్యమైనదన్న అర్థం మన బుర్రలో స్థిరపడింది. ఇంట్లో పోసుకునేవాడికి రవాణా బాధ లేదు. తన తుపాకీ కొలతకు తగ్గట్టు పోసుకోవచ్చు. ఇంట్లో పోసుకోవడంలో ఉన్న అసలు లాభమే అది. దాన్ని వదులుకుని ఫ్యాక్టరీ మిశ్రమాన్ని అనుకరించడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఐడహోలో పశువులు కాసుకుంటూ రివాల్వర్ల మీద జీవితమంతా ప్రయోగాలు చేసిన ఎల్మర్ కీత్ సంగతే తీసుకోండి. 1899లో పుట్టి 1984లో పోయాడు. .44 స్పెషల్‌కు ఆయన రూపొందించిన బులెట్ ఆకారాన్ని ఇవాళ్టికీ పోస్తున్నారు. 1955 చివర్లో .44 మాగ్నమ్ పుట్టడానికి ఆయన పోరే ముఖ్య కారణం. బరువైన మందు దట్టించి కాల్చిన ఆ మనిషి మెచ్చిన మిశ్రమం 16 పాళ్లు సీసానికి ఒక పాలు తగరం. ఆంటిమొనీ లేదు. బ్రినెల్ 11 దగ్గర. రైఫిళ్ల సంగతి వేరు, పరిమితి అంచున నింపే మాగ్నమ్ సంగతి వేరు, అక్కడ గట్టి మిశ్రమమో, బులెట్ అడుగున రాగి టోపీయో కావాల్సి రావచ్చు. దాన్ని కాదనను. కానీ రేంజిలో కాగితం మీద కాల్చుకునే మనలో చాలామందికి ఆ అవసరం రాదు.

మందు నింపడం గురించి ఇక్కడ అంకెలు ఇవ్వను. అది మందు తయారీదారు ప్రచురించిన పుస్తకంలో చూసుకోవాల్సిందే, ఎవరో చెప్పింది విని కాదు. ఒక్క ప్రమాదం మాత్రం చెప్పకుండా ఉండలేను. .38 స్పెషల్, .45 కోల్ట్ డొప్పలు నల్ల తుపాకీమందు రోజుల వారసత్వం, లోపల చాలా చోటు. ఇప్పటి మందు వాటి అడుగున కొద్దిగా పడుతుంది. పొరపాటున రెండుసార్లు పోసినా పొంగి పొర్లదు, కంటికి పట్టదు. తుపాకీ పగలడానికి అదొక్కటి చాలు. అందుకే యాభై డొప్పలూ చెక్క దిమ్మలో నిలబెట్టి, టార్చిలైటు ఏటవాలుగా వేసి, ఒక్కొక్క దానిలోకీ తొంగి చూసిన తర్వాతే బులెట్ పెడతాను. ఆ సమయంలో ఫోన్ ఎత్తను, ఎవరు పిలిచినా పలకను.

భయం ఒకచోట, ప్రమాదం ఇంకోచోట ఉండటం ఈ పనిలో రెండోసారి కూడా చూశాను. ఇది నా ఒంటి మీదే జరిగింది.

సీసం కరిగిస్తున్నానని తెలిసినప్పుడు మా ఆవిడ మొదటి మాట: "ఆ పొగ పీలిస్తే ఏమవుతుందో తెలుసా అండీ?" ఆవిడ కంగారుకు కారణం ఉంది. మన తెలుగువాళ్లు వేలల్లో ఉండే ఫ్రిస్కోలోనే పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే ఫ్యాక్టరీ ఉండేది. 2012 నవంబరు ఆఖరుకి మూతపడింది, ఆ నేల శుభ్రం చేసే పని తర్వాత ఏళ్లపాటు సాగింది. అందుకే నేను కుండను గ్యారేజీలోంచి పెరట్లోకి మార్చాను, మాస్కు పెట్టుకున్నాను. అయినా ఆ ఏడాది రక్తపరీక్షలో సీసం 9 మైక్రోగ్రాములు చూపించింది, డెసిలీటరుకు. పిల్లల విషయంలో ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ జాగ్రత్తపడమనే అంకె 3.5 మాత్రమే, 2021లో 5 నుంచి తగ్గించారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడే పిల్లలిద్దరికీ పరీక్ష చేయించాం. దేవుడి దయవల్ల ఇద్దరికీ ఒకటి లోపే వచ్చింది.

ఎక్కణ్ణుంచి వస్తోంది? సీసం మరగాలంటే 1,749 డిగ్రీలు కావాలి. నా కుండ 370 దగ్గర ఉంటుంది, ఆ వేడికి లేచే ఆవిరి అతి స్వల్పం. అసలు దొంగ గ్యారేజీలో మూల కూర్చుంది. కాల్చిన డొప్పల్ని అక్రోటు చిప్పల పొడిలో వేసి గిరగిరా తిప్పే డబ్బా. ప్రైమర్ పేలినప్పుడు మిగిలే మసిలో సీసం ఉంటుంది. డొప్పలతో పాటు అదంతా ఆ పొడిలోకి చేరి, నేను మూత తీసి జల్లెడ పట్టిన ప్రతిసారీ సన్నటి దుమ్మై లేస్తోంది. పక్కనే పిల్లల చెప్పుల అర! అదే రోజు ఆ డబ్బా తీసి పడేశాను. ఇప్పుడు నీళ్లలో, సన్నటి స్టీలు పిన్నులతో కడుగుతాను, దుమ్ము లేవదు. తెట్టు గీకిన బూడిద కూడా అంతే ప్రమాదం, మూత బిగించిన డబ్బాలోకి పోతుంది. ఈ పనికి వేరే చొక్కా, వేరే బూట్లు, అవి ఇంట్లో అడుగు పెట్టవు. మరుసటి ఏడాది నా అంకె 4కి దిగింది. ఇంకా దిగాలి.

తాతయ్య ప్రెస్సు నుంచి రాగానే పెరట్లోనే చేతులూ మొహం రుద్ది రుద్ది కడుక్కుని, ఆ తర్వాతే మమ్మల్ని ముట్టుకునేవాడు. రోజూ బెల్లం ముక్క తినేవాడు, సీసాన్ని విరిచేస్తుందని ఆయన నమ్మకం. బెల్లం ఏమీ చేయదు. ఆ చేతులు కడుక్కోవడమే ఆయన్ను కాపాడి ఉంటుంది. ఆయన కాలంలో రక్తంలో సీసం కొలిచి చూపించే పరీక్ష తెనాలి కంపోజిటర్‌కు ఎక్కడ దొరుకుతుంది? మనకు దొరుకుతోంది. ఈ పని చేస్తూ ఏడాదికొకసారైనా ఆ పరీక్ష చేయించుకోనివాళ్లను చూస్తే నాకు కోపమే వస్తుంది. ఇంట్లో పసిపిల్లలు ఉంటే మరీ.

సీసం దొరకడం ఏడాదికేడాది కష్టమవుతోంది. ఇదివరకు టైర్ల షాపుకెళ్తే బకెట్టు నిండా చక్రాల బరువులు ఇచ్చేవారు. కాలిఫోర్నియా 2010లో సీసపు బరువులు నిషేధించింది, మరికొన్ని రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. ఇప్పుడు బకెట్టులో సగానికి పైగా ఇనుము, జింకు. ఇనుముతో పేచీ లేదు, పైకి తేలుతుంది, తీసి పారేయొచ్చు. జింకు 420 డిగ్రీల దగ్గర కరిగి కలిసిపోతే మాత్రం కుండంతా జావలా తయారై అచ్చులో పారదు. అందుకే ఒక్కో ముక్కను కటింగ్ ప్లయర్‌తో నొక్కి చూస్తాను. సీసమైతే పళ్లు దిగుతాయి, జింకయితే దిగవు.

నా దగ్గర ఆ లైనోటైప్ దిమ్మ ఇంకా ఒకటుంది, పదకొండు కిలోలు. మూతపడిన ఒక ప్రెస్సు నుంచి కొన్నది. అందులో 84 శాతం సీసం, 12 ఆంటిమొనీ, 4 తగరం. అలాగే పోస్తే ఏమవుతుందో ఆ మూడో ఆదివారం చూశాను. ఒక పాలుకు మూడు పాళ్లు మెత్తటి సీసం కలిపితే 3 శాతం ఆంటిమొనీ, 1 శాతం తగరం మిగులుతాయి, ఇంచుమించు పాత చక్రాల బరువుల మిశ్రమమే. పదకొండు కిలోలకు ముప్పై మూడు కిలోల సీసం కావాలి. మొత్తం నలభై నాలుగు కిలోలు, ఒక్కో బులెట్ 16 గ్రాములు, సుమారు 2,700 బులెట్లు. ఇప్పటికి తొమ్మిది కిలోలు పోగుచేశాను. డాలస్ చుట్టుపక్కల ఎవరైనా పాత ఇంటి పైకప్పు విప్పుతూ, పొగగొట్టం చుట్టూ వేసిన సీసపు రేకు పారేయబోతుంటే నాకు చెప్పండి. చేతి తొడుగులు వేసుకుని, బండి తీసుకుని నేనే వస్తాను.